చట్టం చదువుకునే చోటు



నేను ముప్పై ఏళ్ళకు పైగా జిల్లా గ్రంథాలయ సంస్థలో లైబ్రేరియన్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఇవాళ చట్టం పుస్తకాల గురించి మాట్లాడదామని వచ్చాను. చట్టం గురించి లాయర్లు కదా మాట్లాడాలి, లైబ్రేరియన్‌కేం పని అని మీకు అనిపించవచ్చు. చాలా ఏళ్ళు నేనూ అలాగే అనుకున్నాను. ఆ పని ఏమిటో నాకు నేర్పింది ఒక పెద్దావిడ. ముందు ఆమె సంగతి చెబుతాను.

2019 వేసవి. మధ్యాహ్నం రెండు గంటల వేళ. పొద్దున్నే పేపర్లు చదవడానికి వచ్చినవాళ్ళు భోజనాలకు వెళ్ళిపోయారు. పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలు నలుగురైదుగురు ఫ్యాను కింద బల్ల దగ్గర ఉన్నారు. డెబ్భై దాటిన ఒకావిడ గుమ్మం బయటే చెప్పులు విడిచి, కొంగు నిండుగా కప్పుకుని లోపలికి వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో నాలుగు మడతలు పెట్టిన స్టాంపు కాగితాలు.

"నాయనా, ఇక్కడ చట్టం పుస్తకం ఉంటుందట గదా. నా కాగితం సంగతి అందులో ఏం రాసుందో కాస్త చూసిపెడతావా?" అంది.

విప్పి చూశాను. గిఫ్టు సెటిల్‌మెంటు దస్తావేజు. ఉన్న ఒక్క రెండు గదుల ఇల్లు కొడుకు పేర రాసిచ్చింది. రిజిస్ట్రేషన్ అయిన ఏడాదికి ఆమె మంచం గదిలోంచి వరండాలోకి వచ్చింది. మరో ఏడాదికి వరండాలో కూడా మంచం లేదు. కూతురి ఇంట్లో తలదాచుకుంటోంది. ఊళ్ళో పెద్దమనుషులను అడిగితే, "రాసిచ్చేశావు గదమ్మా, ఇంకేం మిగిలింది?" అన్నారట. ప్లీడరు దగ్గరికి వెళ్ళాలంటే చేతిలో డబ్బు లేదు. డిగ్రీ చదువుతూ మా లైబ్రరీకి వచ్చే మనవరాలు చెబితే ఇటు వచ్చింది.

మా దగ్గర చట్టాల పుస్తకాలకు ఒక అద్దాల బీరువా ఉండేది. దాని తాళంచెవి నా సొరుగులో ఉండేది. ఆ తాళం తీయమని అడిగేవాళ్ళు నెలకు ఒక్కరు కూడా ఉండేవారు కాదు. బీరువాలో సగం పుస్తకాలు ఎనభైల నాటివి, అట్టలు ఊడినవి. వాటి మధ్య సన్నటి పుస్తకం ఒకటి దొరికింది. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం, 2007. వ్యాఖ్యానాలూ వివరణలూ లేకుండా చట్టం మాత్రమే ఉండే ఇలాంటి పుస్తకాన్ని లాయర్లు బేర్ యాక్ట్ అంటారు. ధర ఒక పూట టిఫిను ఖర్చుకు మించదు.

అందులో 23వ సెక్షన్ తీసి, తెలుగులో చెబుతూ వేలు పెట్టి చూపించాను. వయసు మళ్ళినవాళ్ళు, తమను కనిపెట్టుకుని చూడాలనే షరతు మీద ఆస్తి ఎవరికైనా రాసిస్తే, రాయించుకున్నవాళ్ళు ఆ మాట తప్పితే, ఆ దస్తావేజు మోసంతోనో బలవంతంతోనో రాయించుకున్నదానితో సమానం. ట్రిబ్యునల్ దాన్ని చెల్లదని ప్రకటించవచ్చు. ఆమె ఇంకోసారి చెప్పమంది. చెప్పాను. కాసేపు మాట్లాడకుండా ఆ పేజీ వైపే చూసింది. ఆమెకు చదువు రాదు. అయినా చూసింది. తర్వాత ఒక ప్రశ్న అడిగింది.

"మరి నా కాగితంలో ఆ షరతు ఉందా నాయనా?"

దస్తావేజు మొదటినుంచి చివరిదాకా చదివాను. "ప్రేమాభిమానాల కొద్దీ" అని ఉంది. చూసుకోవాలన్న మాట ఎక్కడా లేదు. ఆ మాట లేకపోతే ఆమె గతి ఏమిటి? నాకు తెలియదు. తెలిసినా చెప్పే అధికారం నాకు లేదు. నేను ఆ పేజీలు జెరాక్సు తీసి, వెనకవైపు కోర్టు ఆవరణలో ఉండే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఆఫీసు గుర్తులు రాసిచ్చాను. "అమ్మా, ఆడవాళ్ళకు ఆదాయంతో సంబంధం లేకుండా అక్కడ ఉచితంగా లాయరును ఇస్తారు. ఈ కాగితాలు చూపించి ఇదే ప్రశ్న వాళ్ళను అడుగు" అన్నాను.

ఆరేడు నెలలకు ఆమె మళ్ళీ వచ్చింది. ఆర్డీవో గారి ట్రిబ్యునల్‌లో అర్జీ పెట్టిందట. నోటీసు అందేసరికి కొడుకు దిగొచ్చి, ఒక గది వదిలి, నెలనెలా ఖర్చులకు డబ్బు ఇస్తానని ట్రిబ్యునల్ ముందు రాసిచ్చాడట. ఇల్లు కొడుకు పేరనే ఉంది. గది మాత్రం ఆమెది. ఆ రోజు నుంచి నేను ఆ బీరువాకు తాళం వేయలేదు.

ఆ పెద్దావిడ అడిగిన ప్రశ్న ఎంత లోతైనదో నాకు తర్వాత తెలిసింది. 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒక కేసులో, చూసుకోవాలన్న షరతు ఉన్నట్టు చెప్పకపోతే, నిరూపించకపోతే 23వ సెక్షన్ వర్తించదని చెప్పింది. 2025 జనవరి 2న మధ్యప్రదేశ్‌లోని ఛతర్‌పూర్ నుంచి వచ్చిన మరో తల్లి కేసులో, ఇది వృద్ధుల మేలు కోసం పెట్టిన చట్టం కాబట్టి దాన్ని ఉదారంగా అర్థం చేసుకోవాలంటూ, కొడుకు పేర రాసిన దానపత్రాన్ని రద్దు చేస్తూ కింద ఇచ్చిన ఉత్తర్వును నిలబెట్టింది. ఆ కేసులో కొడుకు తల్లిని చూసుకుంటానని విడిగా ఒక కాగితం రాసిచ్చి ఉన్నాడు. అంటే ఇవాళ అదే తల్లి లైబ్రరీకి వస్తే సెక్షన్ ఒక్కటే చూపించి పంపితే సరిపోదు. రెండు తీర్పులూ చూపించాలి. 2011లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆ చట్టం కింద చేసిన నియమాలు చూపించాలి. అర్జీ ఆర్డీవో దగ్గర, అప్పీలు కలెక్టరు దగ్గర, అప్పీలుకు గడువు 60 రోజులు, పోషణ కోరుతూ పెట్టిన అర్జీ నోటీసు అందిన 90 రోజుల్లో తేలాలి అన్న సంగతులు చూపించాలి. చట్టం పుస్తకం ఉండటం వేరు, చట్టం అందుబాటులో ఉండటం వేరు అని నేను తెలుసుకున్నది అప్పుడే.

చట్టం తెలియదంటే కోర్టు ఒప్పుకోదని మనమంతా విన్నాం. తెలియక చేశానన్నా శిక్ష తప్పదు. సరే. మరి తెలుసుకునే వీలు ప్రజలకు ఇచ్చారా అన్నది దానికి రెండో సగం. ఆ సగం మాట మన సుప్రీంకోర్టు తన రెండో ఏడాదిలోనే చెప్పింది. ఆ కథ వినదగ్గది.

జైపూర్ సంస్థానంలో 1923 డిసెంబరు 11న మంత్రిమండలి నల్లమందు చట్టం చేస్తున్నట్టు తీర్మానించింది. తీర్మానం ఫైల్లో ఉండిపోయింది. గెజిట్‌లో వేయలేదు, మరోవిధంగానూ జనానికి చెప్పలేదు. పాతికేళ్ళ తర్వాత ఆ చట్టం కింద హర్లా అనే మనిషికి శిక్ష పడింది. జరిమానా 50 రూపాయలు. ఆ 50 రూపాయల కేసు సుప్రీంకోర్టు దాకా వచ్చింది. 1951 సెప్టెంబరులో జస్టిస్ వివియన్ బోస్ తీర్పు రాశారు. జనానికి తెలిసే మార్గం ఏదీ లేకుండా, నాలుగు గోడల మధ్య చేసిన చట్టంతో మనిషిని శిక్షించడం సహజ న్యాయానికి విరుద్ధం అన్నారు. శిక్ష కొట్టేశారు.

గెజిట్‌లో వేస్తే సర్కారు బాధ్యత తీరిందని ఈ తీర్పును చదివేవాళ్ళున్నారు. నేను మరో అడుగు ముందుకు వేసి చదువుతాను. గెజిట్ ఎవరికి అందుతుంది? ఎవరింటికి వస్తుంది? అచ్చయిన చట్టం మామూలు మనిషి నడిచివెళ్ళగలిగేంత దూరంలో, అడిగితే తీసిచ్చే మనిషి ఉన్న చోట ఉండాలి. ఆ చోటు గ్రంథాలయమే అని నా నమ్మకం.

ఈ కేసు చూడాలంటే లాయర్లు ఒక గుర్తు చెబుతారు: ఏఐఆర్ 1951 ఎస్సీ 467. వింటే భయం వేస్తుంది. కానీ ఇది ఇంటి చిరునామా లాంటిదే. ఏఐఆర్ అంటే ఆల్ ఇండియా రిపోర్టర్, నాగపూర్ నుంచి వచ్చే తీర్పుల సంపుటాలు. మన ఆకాశవాణికీ ఇంగ్లీషులో అదే పొట్టిపేరు కాబట్టి మీకు గుర్తుండిపోతుంది. 1951 ఆ సంపుటం సంవత్సరం. ఎస్సీ అంటే సుప్రీంకోర్టు భాగం. 467 పేజీ నంబరు. బీరువాలో ఆ సంవత్సరం సంపుటం తీసి ఆ పేజీ తిప్పితే హర్లా కేసు కనిపిస్తుంది. మన రాష్ట్రాల తీర్పులకు ఏఎల్‌టీ అని, ఏఎల్‌డీ అని ఇలాంటి సంపుటాలే ఉన్నాయి. ఈమధ్య సుప్రీంకోర్టు తన తీర్పులకు తానే నంబరు వేస్తోంది. ఇందాక చెప్పిన ఛతర్‌పూర్ తల్లి కేసు 2025 ఐఎన్ఎస్‌సీ 20. ఆ ఏడాది సుప్రీంకోర్టు తీర్పుల్లో 20వ నంబరుది అని. ఈ గుర్తు చదవడం పదో తరగతి పిల్లవాడికి పది నిమిషాల్లో నేర్పవచ్చు. నేను నేర్పాను.

ఆ సంపుటాలు ఎక్కడున్నాయి? ప్రతి కోర్టు ఆవరణలోనూ బార్ అసోసియేషన్ లైబ్రరీ ఉంటుంది. అది లాయర్లు తమ చందాలతో నడుపుకునేది, వాళ్ళకోసమే. జడ్జీల లైబ్రరీ జడ్జీలకు, లా కాలేజీ లైబ్రరీ విద్యార్థులకు. దాన్నేం తప్పు పట్టనక్కరలేదు. కాకపోతే ఏ చట్టం వల్ల మామూలు మనిషి కోర్టు మెట్లెక్కాల్సి వచ్చిందో ఆ చట్టం ఉన్న గదిలోకి మాత్రం ఆ మనిషికి ప్రవేశం లేదు.

అమెరికాలో ఈ సమస్యకు వాళ్ళు ఒక దారి కనిపెట్టారు. కాలిఫోర్నియా రాష్ట్రం 1891లోనే జిల్లాకొక న్యాయ గ్రంథాలయం ఉండాలని చట్టం చేసింది. వాళ్ళ భాషలో కౌంటీ లా లైబ్రరీ. కోర్టులో సివిల్ కేసు వేసేటప్పుడు కట్టే ఫీజులో ఒక చిన్న భాగం ఆ లైబ్రరీకి వెళుతుంది. కేసులు వేసేవాళ్ళ డబ్బుతో చట్టం పుస్తకాలు అందరికీ అందుతాయి. ఎంత సబబైన ఏర్పాటో చూడండి. లాస్ ఏంజెలెస్‌లో ఉన్న న్యాయ గ్రంథాలయంలో దాదాపు పది లక్షల సంపుటాల నిధి ఉంది. లాయరైనా, ఇంటి యజమాని ఖాళీ చేయమన్న అద్దెదారైనా, ఎవరైనా లోపలికి వెళ్ళి కూర్చోవచ్చు. లాయరును పెట్టుకోలేక తమ కేసు తామే నడుపుకునేవాళ్ళకు దరఖాస్తు నమూనాలు, మామూలు ఇంగ్లీషులో రాసిన పుస్తకాలు, నేర్పించే తరగతులు ఉంటాయి. అక్కడున్న మన తెలుగువాళ్ళకు నేను చెప్పేది ఇదే. అద్దె తగాదా వచ్చినా, చిన్న మొత్తాల కోర్టుకు వెళ్ళాల్సి వచ్చినా, వాట్సాప్‌లో స్నేహితులను అడిగే ముందు మీ కౌంటీ లా లైబ్రరీకి ఒకసారి వెళ్ళిరండి.

ఆ లైబ్రరీల్లో ఒక నియమం ఉంది. నేను పెద్దావిడ ముందు తడబడి నేర్చుకున్నది వాళ్ళు ముందే రాసిపెట్టుకున్నారు. లైబ్రేరియన్ సమాచారం ఇస్తాడు, సలహా ఇవ్వడు. ఈ విషయం మీద చట్టం ఇది, ఇదిగో పేజీ, తీర్పులు ఇలా వెతకాలి, నమూనా ఇది అనేంతవరకు సమాచారం. నీ కేసు నిలుస్తుందా, ఏ కోర్టులో వేయాలి, దరఖాస్తులో ఏం రాయాలి అన్నవి సలహా. సలహా లాయరు ఇవ్వాలి. ఈ గీత దాటితే మంచి మనసుతోనే మనిషిని ముంచేస్తాం. నేను ఆ రోజు "షరతు లేదు, నీకు హక్కు లేదమ్మా" అని ఉంటే ఆమె ఇంటికి వెళ్ళిపోయేది. "తప్పకుండా గెలుస్తావు" అన్నా తప్పే అయ్యేది.

మన దగ్గర ఏమీ లేదని నేను అనడం లేదు. నిజానికి మనకున్నన్ని పునాదులు చాలామందికి లేవు. 1914లోనే బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయాల మహాసభ జరిగింది. అయ్యంకి వెంకటరమణయ్య గారు ఊరూరా తిరిగి గ్రంథాలయాలు పెట్టించారు. 1935లో కృష్ణా కాలువ మీద పెదవడ్లపూడి, కొల్లిపర మధ్య పడవలో పుస్తకాలు తిప్పారు పాతూరి నాగభూషణం గారు, ఆయన మిత్రులు. ఊరు లైబ్రరీకి రాలేకపోతే లైబ్రరీయే ఊరికి వెళ్ళింది. 1960లో గ్రంథాలయాల చట్టం వచ్చింది. మీరు ఇంటి పన్ను కట్టినప్పుడు రశీదు జాగ్రత్తగా చూడండి. అందులో గ్రంథాలయ సెస్సు అని ఒక వరస ఉంటుంది. పన్నులో రూపాయికి 8 పైసలు. గ్రంథాలయానికి డబ్బు కట్టేది మీరే. అక్కడ ఏ పుస్తకం ఉండాలో అడిగే హక్కు కూడా మీదే.

మరో మంచి సంగతి, చట్టాలూ తీర్పులూ ఇవాళ చాలావరకు ఉచితంగా దొరుకుతున్నాయి. కాపీరైటు చట్టం 52వ సెక్షన్ ప్రకారం కోర్టు తీర్పును ఎవరైనా మళ్ళీ అచ్చు వేసుకోవచ్చు. పుస్తకాల కంపెనీలు తాము రాసిన సారాంశాల మీద హక్కు చెప్పుకోగలవు గాని తీర్పు పాఠం మీద చెప్పుకోలేవని 2007లో సుప్రీంకోర్టు తేల్చింది. 2023 జనవరి 2న సుప్రీంకోర్టు తన తీర్పుల సంపుటాలన్నింటినీ ఈ-ఎస్‌సీఆర్ పేరుతో ఇంటర్నెట్‌లో పెట్టింది. మొదటి రోజునే దాదాపు 34,000 తీర్పులు. అంతకుముందు వీటికోసం లాయర్లు ఏటా వేలకు వేలు చందా కట్టేవారు. కేంద్ర చట్టాలు, రాష్ట్ర చట్టాలు ఇండియా కోడ్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో ఉన్నాయి.

అన్నిటికన్నా పల్లె మనిషికి ఎక్కువ పనికొచ్చేది ఈ-కోర్ట్స్. జిల్లా, తాలూకా కోర్టుల్లో ఉన్న ప్రతి కేసుకూ సీఎన్ఆర్ అని 16 అక్షరాలూ అంకెలూ కలిసిన ఒక నంబరు ఉంటుంది. అది కొడితే వాయిదా ఎప్పుడు, పోయినసారి ఏం జరిగింది, ఏ జడ్జి దగ్గర ఉంది అన్నీ కనిపిస్తాయి. ఒక రైతు నాతో అన్నాడు, "సారూ, వాయిదా తేదీ తెలుసుకోవడానికే రెండు బస్సులు మారి పోయేవాణ్ణి. ఒక కూలి పోయేది." ఆయన కేసు నంబరు ఉన్న చీటీ చొక్కా జేబులో ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని తిరుగుతాడు. లైబ్రరీలో కంప్యూటరు ముందు కూర్చోబెట్టి చూపిస్తే రెండు నిమిషాలు పట్టింది. ఆ తేదీని తన చేత్తోనే చీటీ వెనక రాసుకున్నాడు.

కానీ ఇంటర్నెట్‌లో ఉంది కదా, ఇంకా గ్రంథాలయం దేనికి అనేవాళ్ళతో నేను ఏకీభవించను. సముద్రం నిండా నీళ్ళున్నా ఊళ్ళో బావి కావాలి. వెతికితే వచ్చేవాటిలో ఏది ప్రభుత్వం పెట్టింది, ఏది ఎవరో రాసుకున్నది, ఏది పాతది, ఏది కొట్టేసినది అని చెప్పేవాళ్ళు పక్కన ఉండాలి. పాతదీ కొత్తదీ అన్న విషయంలో కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే.

మన నోళ్ళలో "ఫోర్ ట్వంటీ" అనే మాట ఎంతగా నానిపోయిందో మీకు తెలుసు. మోసగాణ్ణి అలా పిలవడానికి కారణం 1860 నాటి భారత శిక్షాస్మృతిలో మోసానికి 420వ సెక్షన్ ఉండటం. 2024 జులై 1 నుంచి ఆ శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. 511 సెక్షన్ల చోట 358 సెక్షన్లు. మోసం 318వ సెక్షన్‌కు మారింది. హత్యకు 302 పోయి 103 వచ్చింది. నలుగురు గుమికూడరాదని పెట్టే, పాత నేర విచారణ స్మృతిలోని 144 ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్ష సంహితలో 163. ఫిర్యాదు ఇచ్చినవాళ్ళకు ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలన్న నియమం మాత్రం అలాగే ఉంది, నంబరు 154 నుంచి 173కు మారింది.

మరి లైబ్రరీలో పాత శిక్షాస్మృతి పుస్తకాన్ని పారేయాలా? పారేయకూడదు. 2024 జులై 1కి ముందు జరిగిన నేరాలకు పాత చట్టమే వర్తిస్తుంది. ఆ కేసులు ఇంకా చాలా ఏళ్ళు నడుస్తాయి. కాబట్టి రెండూ పక్కపక్కన ఉంచి, పాతదాని అట్ట మీద తేదీ వేసి ఒక చీటీ అంటించాలి. భూముల విషయంలో ఈ జాగ్రత్త మరీ ముఖ్యం. తెలంగాణలో భూమి హక్కుల రికార్డులకు 1971 చట్టం ఉండేది, దాని స్థానంలో 2020లో మరొకటి, దాని స్థానంలో 2025లో భూభారతి వచ్చాయి. ఐదేళ్ళనాటి పుస్తకం చూసి అర్జీ రాసుకున్న రైతు ఒక రోజు కాదు, ఒక ఏడాది పోగొట్టుకుంటాడు. చట్టం పుస్తకానికి మందు సీసా మీద ఉన్నట్టే తేదీ చూడాలి. పిల్లల కథల పుస్తకం యాభై ఏళ్ళదైనా అందం తగ్గదు. చట్టం పుస్తకం అలా కాదు.

భాష సంగతి చెప్పకుండా ఈ ప్రసంగం ముగించలేను. రాజ్యాంగం 348వ అధికరణం ప్రకారం హైకోర్టు, సుప్రీంకోర్టు వ్యవహారాలు ఇంగ్లీషులో. తగాదా వస్తే ఇంగ్లీషు పాఠమే ప్రమాణం. అయితే తెలుగు అనువాదాలు రావడానికి అది అడ్డు కాదు. సుప్రీంకోర్టు తీర్పులు కొన్ని ఇప్పుడు తెలుగులోకి అనువాదమై అందరికీ అందుబాటులో ఉన్నాయి. 2023 జూన్‌లో తెలంగాణ హైకోర్టు ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఒక ఆస్తి కేసులో తీర్పును తెలుగులో ఇచ్చింది. ఆ వార్త చదివిన రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. తన కేసులో జడ్జి ఏమన్నాడో మనిషి తన భాషలో చదువుకోగలగాలి. ఆ పెద్దావిడ పుస్తకం పేజీ వైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ కళ్ళముందు ఉంది. ఆమెకు చదవడం రాకపోవచ్చు, ఆమె మనవరాలికి తెలుగు బాగా వచ్చు. ఆ పేజీ తెలుగులో ఉంటే నా అవసరం కూడా ఉండేది కాదు.

నేను కోరేది పెద్ద భవనాలు కాదు. ప్రతి జిల్లా కేంద్ర గ్రంథాలయంలో, ప్రతి శాఖా గ్రంథాలయంలో తాళం లేని ఒక న్యాయ బీరువా కావాలి. అందులో రాజ్యాంగం తెలుగులో ఉండాలి. కొత్త క్రిమినల్ చట్టాలు మూడు, వృద్ధుల పోషణ చట్టం, గృహహింస చట్టం, సమాచార హక్కు చట్టం, వినియోగదారుల చట్టం, ఉపాధి, భూమి చట్టాలు ఉండాలి. ఏటా ఒకసారి వాటిని సరిచూసి మార్చాలి. ఒక కంప్యూటరు, దాన్ని వాడటం తెలిసిన ఒక మనిషి ఉండాలి. నెలకు ఒక శనివారం న్యాయసేవాధికార సంస్థ నుంచి ఒక లాయరో, పారాలీగల్ వాలంటీరో వచ్చి రెండు గంటలు కూర్చుంటే, నేను ఆ రోజు చెప్పలేకపోయిన జవాబు వాళ్ళు చెబుతారు. దీనికి కొత్త చట్టం అక్కరలేదు. రెండు సంస్థలూ ఉన్నాయి, రెండింటికీ సిబ్బంది ఉన్నారు, చాలా ఊళ్ళలో రెండూ ఒకే రోడ్డు మీద ఉన్నాయి.

నవంబరు 9 జాతీయ న్యాయసేవల దినం. 1995లో ఆ రోజునే న్యాయసేవాధికార సంస్థల చట్టం అమల్లోకి వచ్చింది. ఆ తర్వాత ఐదు రోజులకే, 14న, గ్రంథాలయ వారోత్సవాలు మొదలవుతాయి. ఏటా లైబ్రరీలో పిల్లలకు వక్తృత్వ పోటీలు పెడతాం, ముగ్గుల పోటీలు పెడతాం. ఈసారి ఒక రోజు చట్టానికి ఇవ్వమని గ్రంథాలయ సంస్థలను వేడుకుంటున్నాను.

ఇక శ్రోతలకు ఒక మాట. ఈ వారంలో మీ ఊరి గ్రంథాలయానికి వెళ్ళండి. చట్టం పుస్తకాలు ఎక్కడున్నాయో చూపించమని అడగండి. ఉంటే తీసి, ఏ సంవత్సరానిదో చూడండి. లేకపోతే అక్కడ సూచనల రిజిస్టరు ఉంటుంది, అందులో కావలసిన చట్టం పేరు, మీ పేరు రాసి సంతకం పెట్టండి. పదిమంది రాసిన పుస్తకాన్ని తెప్పించకుండా ఉండటం ఏ లైబ్రేరియన్‌కూ తేలిక కాదు, నా అనుభవంతో చెబుతున్నాను. లాయరు కావాల్సిన అవసరం పడి, డబ్బు లేకపోతే ఫోను తీసి 15100కు చేయండి. అది దేశమంతటా ఒకటే నంబరు, న్యాయసేవాధికార సంస్థది. కాగితం, కలం దగ్గరుంటే రాసుకోండి: ఒకటి, ఐదు, ఒకటి, సున్నా, సున్నా.